ఇంటిపేరు దగ్గర ఆగిన పాట

ముందే చెప్తున్నాను, ఇందులో ఎవరి పేరూ రాయను. మనుషుల పేర్లూ రాయను, ఇంటిపేర్లు అసలే రాయను. చేతగాక కాదు. ఎందుకో చివరిదాకా కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది, మధ్యలో లేచిపోయేవాళ్ళను నేను పట్టుకుని ఆపను.

మా చిక్కబళ్ళాపురం జిల్లాలో ఇంటిపేరు ఏ కాగితం మీదా ఉండదు. బడిలో చేర్చేటప్పుడు ఊరి పేరులో ఒక అక్షరం, తండ్రి పేరులో ఒక అక్షరం ముందు తగిలించి రాసుకుంటారు. ఆధార్‌లో అదే, పహణీలో అదే, బ్యాంకు పుస్తకంలో అదే. ఆంధ్రావాళ్ళు ఇంటిపేరును ముందు పెట్టుకుని ఊరంతా తిరుగుతారు. మేం దాన్ని ఇంట్లో పెట్టి తలుపు వేసి వస్తాం. అది బయటికి వచ్చేది రెండే సార్లు. పెండ్లి మాటలప్పుడు ఒకసారి, మనిషి పోయినప్పుడు ఒకసారి. పెండ్లిలో ఇంటిపేరు ఒకటే అయితే వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. చావులో ఒకటే అయితే పదకొండు దినాల సూతకం. ఈ రెండింటికి తప్ప దాంతో మాకు పని లేదు. ఆ రెండింటి దగ్గరా అది నన్ను పట్టుకుంది.

నేను పుట్టింది బాగేపల్లి దాటి, సరిహద్దును ఆనుకున్న పల్లెలో. కన్నడ బడి నాలుగు మైళ్ళు, ఆంధ్రా బడి ఒక మైలు. నడవలేక తెలుగు బడికి పోయాను, అందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. మెట్టింది చింతామణి తాలూకాలో, కెంచార్లహళ్ళి దగ్గర. రాగి, టమాటా, కొంచెం మల్బరీ. మామ, అత్త పోయాక ఇంట్లో నేనూ మా ఆయనే. కూతురు ఒక్కతే, బెంగళూరులో ఉద్యోగం.

ఆ కూతురు ఒక ఆదివారం వచ్చి, వంటింట్లో గడప మీద కూర్చుని, ఒక అబ్బాయి ఉన్నాడని చెప్పింది. మూడేళ్ళుగా ఒకే ఆఫీసట. చింతామణి వాళ్ళే, మా జనమే. నేను కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. కులం కలిసింది, చదువు కలిసింది, బస్సెక్కితే గంటలో చూసి రావచ్చు, ఇంతకంటే ఏం కావాలి? మొక్కని దేవుడు కూడా ఇచ్చాడే అనుకున్నాను. ఆ అబ్బాయికి తల్లి చిన్నప్పుడే పోయింది, పెంచింది అవ్వ. ఆమె మాట దాటడని నా కూతురు గొప్పగా చెప్పింది. అది గొప్పో కాదో తర్వాత తెలిసింది.

మాటల రోజున మేమే చింతామణి పోయాం. కాఫీ అయింది, కారాబూంది అయింది, ఏ నెలలో పెట్టుకుందామని పంచాంగం కూడా తీశారు. అందరికంటే వెనక, గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ అప్పుడు నోరు విప్పింది. మీ ఇంటిపేరు ఏందప్పా అని మా ఆయన్ని అడిగింది. మా ఆయన చెప్పాడు. ఆమె చేతిలోని లోటా కింద పెట్టింది.

"మాదీ అదే గదప్పా," అంది.

ఆ అబ్బాయి నవ్వాడు. పాపం, వాడికి తన ఇంటిపేరు ఏమిటో ఆ క్షణంలోనే తెలిసింది. నా కూతురికీ అంతే. అడగనందుకు చెప్పలేదు, చెప్పనందుకు అడగలేదు. మేం పెద్దవాళ్ళం కదా, మాకైనా ముందే అడగాలని తోచలేదు. కులం అడిగాం, పొలం ఎంతుందో అడిగాం, జాతకాలు చూపించుకున్నాం, అసలుది మరిచిపోయాం. అవ్వ పంచాంగం మూసింది. ఆమె అరవలేదు, తిట్టలేదు. "వాళ్ళకి తెలీదు, తప్పు లేదు. మనకి తెలిసిపాయె. ఇంక చేస్తే తప్పే," అంది. ఇంతే మాట. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

ఆ రోజు నుంచి నా కూతురు సగం మనిషి అయిపోయింది. బెంగళూరు పోలేదు, కంప్యూటర్ పెట్టుకుని ఇంటి నుంచే పని చేసింది. అన్నం ముందు కూర్చుని మెతుకులతో గీతలు గీసేది. నేను బతిమాలాను, తిట్టాను, ఒకసారి చెయ్యి కూడా ఎత్తాను. రిజిస్టరు ఆఫీసులో చేసుకోండి, నేను వచ్చి సంతకం పెడతాను అన్నాను. ఆ అబ్బాయి ఫోనులో ఏడ్చాడట. అవ్వ అన్నం మానేస్తుంది, ఆమెను చంపుకుని నేను సుఖంగా ఉండలేను అన్నాడట. ఏం చేయను వాడిని? మంచివాడైపోయాడు కదా.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల పశువుల పాక దగ్గర నిలబడి, మొహం నా వైపు తిప్పకుండా అడిగింది.

"నాకు తెలీని పేరు కోసరం నేనెందుకు చావల్లమ్మా?"

ఆ మాట ఊరికే అందో, నిజంగా అందో తెలియదు. ఆ పూట నుంచి దాన్ని ఒక్కదాన్ని వదలలేదు. స్నానానికి పోతే తలుపు బయట నిలబడేదాన్ని. పురుగుమందు డబ్బాలన్నీ మోసుకుపోయి పక్క తోటలో పెట్టించాను. మా ఆయన ఎందుకని అడిగాడు. ఎలుకలు అన్నాను.

అప్పుడు మొదలుపెట్టాను ఆ పేరును తవ్వడం. ఏ పేరైతే నా బిడ్డ గొంతు మీద కూర్చుందో, అది ఎక్కడ పుట్టిందో, ఎలా వచ్చిందో తెలుసుకోకుండా వదలనని. మా అత్తింటి పేరు బావిలో నీళ్ళు తోడే సామానులో ఒకదాని పేరు. మామ చెప్పే కథ ఇది. పూర్వం కరువులో ఒక పెద్దాయన ఊరి బావి దగ్గర ఎద్దులు కట్టి నీళ్ళు తోడాడట. ఎద్దులు పడిపోతే మోకు తన భుజానికే వేసుకుని ఊరంతటికీ పోశాడట. ఆ సామాను పేరే ఆయన ఇంటికి నిలిచింది. సరే, మరి చింతామణి వాళ్ళ కథ ఏమిటని ఆరా తీశాను. వాళ్ళ ముత్తాతలు ఆ సామాను తయారుచేసి సంతల్లో అమ్మేవాళ్ళట. నాకు ప్రాణం లేచి వచ్చింది. తోడినవాడు వేరు, తయారుచేసినవాడు వేరు. ఒక్క పేరు రెండు చోట్ల పుట్టింది, నెత్తురు ఒకటి కాదు. పరుగెత్తుకుంటూ పోయి అవ్వకు చెప్పాను. ఆమె అంతా శ్రద్ధగా విని, కథలు రెండుండచ్చమ్మా, పేరు ఒకటే గదా అంది.

పిల్లను మా అన్నకు దత్తు ఇచ్చి, మేనమామ ఇంటిపేరు మీద కన్యాదానం చేయిస్తానన్నాను. అలా చేసినవాళ్ళు మాలో ఉన్నారు. దత్తు ఇస్తే నెత్తురు మారుతాదా అని అడిగింది అవ్వ. మమ్మల్ని కథ కాపాడలేదు, కాగితం కాపాడలేదు. ఆమెకు కావలసింది నెత్తురు.

ఆ మాట పట్టుకునే బట్లహళ్ళిలో ఉన్న మా మామ చెల్లెలి దగ్గరికి పోయాను. ఎనభై దాటిన మనిషి, చెవులు సరిగా వినిపించవు. మన ఇంట్లోకి ఎప్పుడైనా బయటివాళ్ళు వచ్చారా, ఎవరినైనా పెంచుకున్నారా అని చెవిలో అరిచాను. మా నాయనే బయటోడు గదమ్మా అంది ఆమె.

అప్పుడు తెలిసింది నాకు. మా మామ తండ్రి ఇల్లటం వచ్చినవాడు. కొడుకుల్లేని ఇంటికి అల్లుడై వచ్చి, కొడుకుగా ఉండిపోయాడు. కన్నవాళ్ళంతా ఏదో కరువులో పోతే, చేతిలో కర్రతో బాగేపల్లి వైపు నుంచి వచ్చాడట. ఈ ఇంటి పిల్లను ఇస్తూ, మా ఇంటిపేరే నీ పేరు, నీ పాత పేరు ఈ గడపలో పలకకూడదు అని మాట తీసుకున్నారట. ఆయన పలకలేదు. పిల్లలకు కూడా చెప్పకుండానే పోయాడు. ఆమెకు ఆ పేరు తెలియదు.

అంటే మా ఆయనది ఈ ఇంటి నెత్తురు కాదు! నా కూతురిది కాదు! బట్లహళ్ళి నుంచి బస్సులో వస్తూ నాలో నేను నవ్వుకుంటుంటే పక్కావిడ జరిగి కూర్చుంది. ఇక కావలసింది సాక్ష్యం. ఆ సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఎవరో నాకు తెలుసు.

మా జనానికి వంశాలు పాడేవాళ్ళు వేరే ఉన్నారు. ఏ ఇల్లు ఎక్కడ మొదలైందో, ఆ పేరు ఎలా వచ్చిందో, ఎవరికి ఎవరు పుట్టారో తరతరాలుగా పాటగా పెట్టుకుని ఉంటారు. మనిషి పోయాకే అతని ముక్క పాటలో చేరుతుంది. రాగులు నూర్చాక కళ్ళం దగ్గరికి వచ్చి, చిన్న గంట వాయిస్తూ ఆ ఇంటి పాట పాడతారు. పాట అయ్యాక జోలెలో చేటెడు గింజలు పోయాలి. దానికొక కట్టు ఉంది. గింజ జోలెలో పడిందంటే పాట ఆగాలి. మళ్ళీ ఏడాది దాకా ఆ ఇంటి పాట నోట పలకకూడదు.

మా అత్తింట్లో ఈ పాట చాలా ఏళ్ళు లేదట. మొగుడు పోయాక మామ తల్లి వాళ్ళను గడప తొక్కనివ్వలేదట. మళ్ళీ పిలిచింది మా మామే, నేను కడుపుతో ఉన్న ఏడాది. మనవడో మనవరాలో ఇంటి పాట విని పుట్టాలని మురిసిపోయి పిలిచాడు. నేను తలుపు దగ్గర నిలబడి కొంత విన్నాను. బావి, ఎద్దులు, మోకు భుజానికి వేసుకున్న పెద్దాయన. ఇంతలో అత్త లోపలికి పిలిచింది. మళ్ళీ వచ్చేసరికి పాట లేదు. పాడేవాడు వెళ్ళిపోతున్నాడు. మామ కళ్ళంలో చెయ్యి నేలకు ఆన్చి కూర్చుని ఉన్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

మరుసటేడు నుంచి ఆయన పాటను సగంలోనే ఆపేసేవాడు. పాట ఒక చోటికి రాగానే చేట ఎత్తి జోలెలో గుమ్మరించేవాడు. పాడేవాడు నోరు మూసుకుని పోయేవాడు. ఎంత పిసినారి బుద్ధి, పూర్తిగా వింటే ఇంకో దోసెడు పోయాలేమోనని భయం అనుకునేదాన్ని. మా అమ్మతో అని నవ్వాను కూడా. ఆ రోజుల నుంచే ఆయన నన్ను కోడలా అని పిలవడం మానేశాడు. అమ్మా అనేవాడు, అది కూడా తప్పనప్పుడు. అంతకుముందు మా నాన్న వస్తే వియ్యంకుడితో ఎకసెక్కాలు ఆడి ఇల్లు ఎగరగొట్టేవాడు. తర్వాత మా నాన్న వస్తే లేచి నిలబడేవాడు, తలకాయ వంచుకుని మాట్లాడేవాడు. ఆడపిల్లను కన్నానని మొహం చాటేశాడనుకున్నాను. మా నాన్న పోయినప్పుడు మట్టికి వచ్చాడు, పదకొండో రోజుకు రాలేదు. తిరుపతి మొక్కుందని వెళ్ళి, గుండు, మీసం అన్నీ తీయించుకుని వచ్చాడు. నా తండ్రి చచ్చినప్పుడే దొరికిందా ఈయనకు మొక్కు అని మండిపోయాను. ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టాను. ఆయన పోయినప్పుడు చేయాల్సినవన్నీ చేశాను. ఏడవలేదు.

ఆ పాడేవాణ్ణి వెతుక్కుంటూ బాగేపల్లి పోయాను. బస్టాండుకు అవతల కాలనీలో ఉన్నాడు. ముసలివాడైపోయాడు, ఒక కంట్లో పొర. కొడుకులు గూడ్సు ఆటోలు తోలుతున్నారు, వాళ్ళకు పాట రాదు. ఎవరికీ వద్దు తల్లీ ఈ పాట, నాతోనే పోతాది అన్నాడు. నేనెవరో చెప్తే గుర్తు రాలేదు. ఇంటిపేరు చెప్పగానే తల ఎత్తాడు. మా కథంతా చెప్పి, మామ తండ్రి ఏ ఇంటివాడో చెప్పు తాతా, నా బిడ్డ ప్రాణం నీ నోట్లో ఉంది అన్నాను.

ఆయన గంట లేకుండానే, చిన్న గొంతుతో పాడాడు. బావి వచ్చింది, ఎద్దులు వచ్చాయి, కొడుకుల్లేని ఇల్లు వచ్చింది, కర్ర పట్టుకుని వచ్చిన అల్లుడు వచ్చాడు. అతను పుట్టిన ఇంటిపేరు వచ్చింది.

అది నా పుట్టింటి పేరు.

మళ్ళీ పాడమన్నాను. మళ్ళీ అదే. ఆ పేరు ఒక ఊరి పేరు, ఇప్పుడు ఆ ఊరు లేదు. మావాళ్ళు ఆ ఊరి నుంచి చెదిరి సరిహద్దు దగ్గరికి వచ్చారని మా నాన్న చెప్పేవాడు. ఆ పేరువాళ్ళు ఇంకెక్కడా లేరు, మనమొక్కరమే అని గర్వంగా చెప్పేవాడు. ఇంకో కథ చూద్దామా, తోడినవాడు వేరు, చేసినవాడు వేరు అందామా అంటే, ఇక్కడ రెండో కథ లేదు. ఒక్క ఊరు, ఒక్క ఇల్లు. నేనూ మా ఆయనా ఒక ఇంటివాళ్ళం. ఆ అవ్వ లెక్కలో ఆయన నాకు అన్న.

వాళ్ళ అరుగు మీద చెయ్యి ఆన్చి కూర్చుండిపోయాను. ముసలాయన నీళ్ళు తెప్పించి ఇచ్చాడు. తర్వాత ఆయనే చెప్పాడు. "మీ మామ ఆ పొద్దు ఇట్లనే కూసున్న్యాడు తల్లీ. నా కోడలి ఇంటిపేరు గదప్పా అది, కడుపుతో ఉండాది గదప్పా అన్న్యాడు. ఇంగ ఈ ముక్క నా ఇంట్లో పాడొద్దు, నేనే ఆపుతాను అన్న్యాడు. నేను పిసినారోడని అనుకుంటాండారు, అనుకోనీ అన్న్యాడు." ఏటేటా దొడ్డివైపు పిలిచి ఇంకో చేటెడు పోసేవాడట, మాట నిలబెట్టినందుకు.

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు, ఎవరిదో అరుగు మీద, ముక్కు మొహం తెలియనివాళ్ళ ముందు ఏడ్చాను. మా నాన్న పోతే ఆయన గుండు కొట్టించుకున్నది మొక్కుకు కాదు. తమ్ముడు పోయినందుకు. ఎవరికీ చెప్పలేక కొండకు పోయి తల ఇచ్చి వచ్చాడు. నేను ఏడాది పాటు ఆయన కంచం చప్పుడయ్యేలా పెట్టాను.

చేలూరు మీదుగా బస్సులో వస్తూ లెక్కలు వేశాను. చెప్తే, నా కూతురిది చింతామణి వాళ్ళ నెత్తురు కాదని తేలుతుంది, నిజమే. కానీ ఒకే ఇంటిపేరువాళ్ళకు పుట్టిన పిల్ల అని కూడా తేలుతుంది. లోటా కింద పెట్టిన ఆ అవ్వ ఈ పిల్లను గడప దాటనిస్తుందా? ఇక మా ఆయన. ఇరవై ఏడేళ్ళు ఒక కంచం, ఒక మంచం. నాకు ఆయన మీద చెల్లెలి ప్రేమ ఏనాడూ కలగలేదు, ఆ బస్సులో ఎంత ప్రయత్నించినా కలగలేదు. ఆయన అట్లా కాదు. దేవుడన్నా, వరసన్నా భయం. తెలిస్తే మనిషి నాలుగు ముక్కలవుతాడు. చెప్పకపోతే, పశువుల పాక దగ్గర నిలబడిన నా పిల్ల ఉంది. ఎటు పోయినా గోడే. ఆ బస్సు ఎక్కడైనా లోయలో పడితే బాగుండునని, సిగ్గు లేకుండా, అంతమంది ఉన్న బస్సులో అనుకున్నాను.

వారం తర్వాత మళ్ళీ బాగేపల్లి పోయి ముసలాయన కాళ్ళు పట్టుకున్నాను. చింతామణి వచ్చి పాడు తాతా, ఆ పేరు బదులు ఇంకేదైనా పేరు పెట్టు అన్నాను. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"పాటలో అబద్ధం పెట్టను తల్లీ. ఆపల్లంటే నువ్వే ఆపు. ఎట్ల ఆపల్లో మీ మామ చూపించిండాడు గదా."

పాటలో వస్తే నమ్ముతానంది అవ్వ, అలా కుదిరింది చింతామణిలో పాట. మేడ మీద హాల్లో, టైల్సు నేల మీద చాప వేశారు. అవ్వ, వాళ్ళవైపు ఇద్దరు పెద్దలు, ఆ అబ్బాయి, మేం ముగ్గురం. నేను ఇంటి నుంచి చేట, సంచిలో రాగులు తెచ్చుకున్నాను. రాగులు మా ఇంట్లో లేవా అంది అవ్వ. మా ఇంటి పాటకు మా ఇంటి గింజే పోయాల అన్నాను. చేట నింపి ఒళ్ళో పెట్టుకుని, పాడేవాడి పక్కనే కూర్చున్నాను. నా కూతురు నా మొహం చూస్తోంది. గంట మోగింది.

బావి అయింది. ఎద్దులు అయ్యాయి. నా చేతులకు చెమట పట్టి చేట జారుతోంది. తొందరపడి ముందే పోస్తే ఇల్లటం మాట రాదు, నా బిడ్డ పోతుంది. ఒక్క మాట ఆలస్యమైతే పేరు వస్తుంది, అందరం పోతాం. కొడుకుల్లేని ఇల్లు వచ్చింది. కరువులో కన్నవాళ్ళను పోగొట్టుకుని కర్రతో వచ్చినవాడు వచ్చాడు. ఇతని నెత్తురు ఈ ఇంటి నెత్తురు కాదు అని పాట చెప్పింది. మా ఆయన ఆశ్చర్యంగా తలెత్తాడు, అవ్వ ముందుకు వంగింది. ఇతను పుట్టిన ఇల్లు, అని ముసలాయన ఊపిరి తీసుకున్నాడు.

నేను చేట ఎత్తి జోలెలో గుమ్మరించాను. సగం నేల మీద పడి టైల్సు మీద దొర్లిపోయాయి.

పాట ఆగింది. అయ్యో, ఏ ఇల్లో చెప్పకనే పోస్తివి గదమ్మా అంది అవ్వ. చెయ్యి జారిందవ్వా అన్నాను. ఆమె ముసలాయన వైపు తిరిగింది. గింజ పడింది తల్లీ, ఇంగ వచ్చే ఏడాదే అని ఆయన జోలె మూతి ముడివేసుకున్నాడు. మా ఇల్లయితే కాదు గదా అని అవ్వ మళ్ళీ అడిగింది. కాదు, ఆ మాట పాటలోనే వచ్చింది అన్నాడు. ఆమె నేల మీది రాగుల్ని చూసింది. వంగి ఆ గింజల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. "కాలి కింద పడకూడదమ్మా. ఏరు, నువ్వూ ఏరు," అంది నా కూతురితో. నా కూతురు ఆమె పక్కన కూర్చుని ఏరింది. అదే ఒప్పుకోవడం.

పెండ్లయి రెండేళ్ళయింది. పాడిన ముసలాయన వచ్చే ఏడాది దాకా ఉండలేదు. నా కూతురు ఒకసారి ఫోనులో అడిగింది, ముత్తాతది అసలు ఇంటిపేరు ఏమిటమ్మా అని. తెలియదన్నాను. ఆయనది ఏ పేరో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. అందుకే ఇందులో ఏ పేరూ రాయలేదు. రాయకుండా ఉండనూ లేకపోయాను, లోపల ఉంచుకుంటే కుళ్ళిపోయేలా ఉంది. మామ ఎట్లా ఉంచుకున్నాడో అన్నేళ్ళు.

పోయిన నెలలో మా చిన్నాన్న పోయాడు, మా నాన్న తమ్ముడు. ఇద్దరం పోయి వచ్చాం. మా ఆయనకు అల్లుడిగా మట్టి వేసి వచ్చి స్నానం చేస్తే సరిపోతుంది. నాకు మెట్టినదాన్ని కాబట్టి మూడు రోజులు. కానీ పాట లెక్కలో పోయినాయన మా ఆయనకూ చిన్నాన్నే, నాకు మనసు ఒప్పలేదు. పదకొండు దినాలు దేవుడి గూట్లో దీపం పెట్టలేదు, నూనె అయిపోయిందన్నాను. కోడి కోయనివ్వలేదు, కడుపు బాగాలేదన్నాను. ఆయన చద్ది, పచ్చడి తిని తోటకు పోయాడు. పదో రోజు పొద్దున మజ్జిగ పోస్తూ, తల బాగా పెరిగింది, పోయి తీయించుకుని రమ్మన్నాను. మీసం తెల్లబడింది, ఎందుకది, అది కూడా తీసేయమన్నాను. ముసలితనంలో మొగుడు అందంగా కనబడాలని ఉందా అని నవ్వి, బండి వేసుకుని పోయాడు.

మధ్యాహ్నం వచ్చాడు. నున్నగా గుండు, మీసం లేదు. వాకిట్లో నిలబడి తల నిమురుకుంటూ, "ఎట్లుండానే?" అని అడిగాడు.

"మీ నాయన మాదిరే ఉండావు," అన్నాను. నీళ్ళు కాగాయని, తలకు పోసుకోమని చెప్పి లోపలికి వచ్చేశాను.